ఆది జాకెట్టు చెప్పే సంవత్సరం

జాకెట్టు చేతి పొడవు చూసి ఫోటో ఏ కాలం నాటిదో చెప్పొచ్చని నేనంటే మా ఇంట్లో మొదట ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం అది చిన్నప్పటి నుంచి అలవాటైన చూపు. మా నాన్న అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో టైలరు. ఇంటి అరుగు మీదే మిషను. హుక్కులు కుడుతూ, కాజాలు తీస్తూ నేను ఆ అరుగు మీదే పెరిగాను. ఇప్పుడు రావులపాలెంలో అదే పని చేసుకుంటున్నాను.

నాన్న పోయాక ఆయన కొలతల పుస్తకాలు నా దగ్గరికి వచ్చాయి. 1963లో కొట్టు పెట్టిన దగ్గర్నుంచి రాసినవి, పొడుగాటి లెక్కల పుస్తకాలు. పేజీ పైన తేదీ ఉంటుంది, లేదంటే ‘సంక్రాంతి 68’ అని పండగ పేరు. కింద మనిషి పేరు, ఛాతీ, నడుము, మెడ, చెయ్యి. మగవాళ్ళకి సొంత పేర్లున్నాయి. ఆడవాళ్ళు ‘మునసబుగారి పెద్ద కోడలు’, ‘రేవు దగ్గర వాళ్ళ రెండో అమ్మాయి’. వాళ్ళ పేరు ఎక్కడా కనపడదు గానీ, వాళ్ళ చేతి పొడవు మాత్రం అంగుళాల్లో ఉంది. ఆ పేజీలు వరసగా తిప్పుతూ పోతే చేతులు ఎలా పొట్టివయ్యాయో, మళ్ళీ ఎలా పెరిగాయో కళ్ళకి కడుతుంది.

ఇంకో సంగతి కూడా ఆ పుస్తకాల్లోనే తెలిసింది. చాలా పేర్ల పక్కన కొలతలే లేవు. ‘ఆది ప్రకారం’ అని ఒక్క ముక్క. ఆ రోజుల్లో ఇంటి ఆడవాళ్ళు కొలత ఇవ్వడానికి కొట్టుకి వచ్చేవాళ్ళు కాదు. సరిపోయిన జాకెట్టొకటి గుడ్డతో పాటు పిల్లల చేత పంపేవాళ్ళు. అదే ఆది జాకెట్టు. దాన్ని చూసి కొత్తది కుట్టాలి. కొత్తది చినిగే వేళకి అదే ఆదిగా వస్తుంది. పెళ్ళినాటి జాకెట్టు ఎలా ఉందో, మనవలు పుట్టాక కూడా అదే మెడ, అదే చెయ్యి. వెడల్పు పెంచమని కబురొస్తుంది తప్ప తీరు మార్చమని రాదు. ఫలానా ముసలమ్మగారు 1975లో కూడా మోచేతి దాకా చేతులు వేసుకుందంటే ఆవిడకి కొత్త ఫ్యాషన్ తెలియక కాదు. ఆవిడ ఆది 1940ల నాటిది.

అందుకే పాత ఫోటో వయసు కట్టాలంటే పెద్దవాళ్ళని వదిలేయాలి. మన కళ్ళు మాత్రం ముందు వాళ్ళ మీదికే పోతాయి. మధ్యలో కుర్చీలో కూర్చున్న నాయనమ్మ, ఆవిడ పెద్ద అంచు చీర, ముడి రవిక చూసి ‘అబ్బో, ఇది చాలా పాతది’ అనేస్తాం. అలా లెక్క వేస్తే ఇరవై, ముప్పై ఏళ్ళు వెనక్కి పోతాం. ఆ ఫోటోలో కొత్తగా పెళ్ళైన పిల్ల ఎవరో వెతకాలి. ఆ పిల్ల జాకెట్టు పెళ్ళికోసం కొత్తగా కుట్టించింది. ఫోటోకి దగ్గర్లో ఉన్న కాలం దానిదే. పెళ్ళికూతురు లేకపోతే పదిహేను, పదహారేళ్ళ ఆడపిల్ల. వాళ్ళూ లేకపోతే కాలేజీ చదివే కుర్రాడి కాలరు, ప్యాంటు.

1930ల నాటి ఫోటోల్లో, 1940ల మొదట్లో కూడా, వయసు పిల్లల జాకెట్లకి భుజం దగ్గర కుచ్చు పోసి ఉబ్బెత్తుగా కుట్టేవాళ్ళు. చెయ్యి మోచేతి దగ్గరికి వస్తుంది, జాకెట్టు నడుము దాకా దిగుతుంది. కలిగిన ఇళ్ళల్లో చేతి అంచుకి, మెడకి లేసు ఉండేది. మన వైపు ఆ లేసు దూరం నుంచి రానక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఎంతోమంది ఆడవాళ్ళకి కూడు పెట్టిన పని. 1950లకి వచ్చేసరికి కుచ్చులు పోయాయి, చెయ్యి మోచేతి పైకి జరిగి ఒంటికి పట్టినట్టు అయింది. 1960ల్లో ఇంకా పొట్టి. నాన్న పుస్తకంలో 1965 ప్రాంతంలో ఎనిమిది, తొమ్మిది అంగుళాలున్న చెయ్యి 1970 నాటికి నాలుగైదుకి వచ్చేసింది. తర్వాత రెండు మూడేళ్ళు కొన్ని పేర్ల ఎదురుగా ‘చేతులు లేవు’ అని ఉంది. వాణిశ్రీగారి పెద్ద కొప్పు, చేతుల్లేని జాకెట్టు చూసి ఆడపిల్లలు మోజుపడ్డ రోజులవి. అయితే మా పల్లెలో అలా కుట్టించుకున్నది అమలాపురం కాలేజీకి వెళ్ళే అమ్మాయిలే. అదీ పెళ్ళయ్యేదాకానే. అత్తారింటికి వెళ్ళాక వాళ్ళ పేరు మళ్ళీ పుస్తకంలో కనపడిందంటే పక్కన ‘చెయ్యి 6’ అని ఉంటుంది.

1980ల్లో బుట్ట చేతులు మళ్ళీ వచ్చాయి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 1938 బుట్ట చెయ్యి, 1986 బుట్ట చెయ్యి నలుపు తెలుపు ఫోటోలో ఒకేలా అనిపించొచ్చు. తేడా చీర దగ్గర తెలుస్తుంది. పాత రోజుల్లో అన్నీ నూలు చీరలు, లేదంటే పట్టు. మాకు దగ్గరలో బండారులంక, పులగుర్త మగ్గాల చీరలు. గంజి పెట్టి ఉతికిన నూలు చీర కుచ్చిళ్ళు మడత మడతగా నిలబడతాయి, పైట భుజం మీద కొంచెం లేచి ఉంటుంది. నైలాన్, నైలెక్స్, పాలియెస్టర్ చీరలు జారిపోయినట్టు ఒంటికి అంటుకుని కింద దాకా పడతాయి, వెలుతురు తగిలిన చోట మెరుస్తాయి. ఆ జారుడు కనిపిస్తే మా వైపు ఫోటో చాలావరకు 1960లకి ఇవతలిదే. మగవాళ్ళకీ అంతే. టెర్లిన్ చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా అలాగే ఉంటుంది. దాని కింద ప్యాంటు గొట్టంలా బిగుతుగా ఉంటే 60లు. పాదం కనపడకుండా కమ్మేస్తే 70లు. బెల్ బాటమ్‌కి నాన్న పుస్తకంలో ఎక్కువగా కనపడే కొలత 26 అంగుళాలు. ఒక కుర్రాడికి 30 అని రాసి, పక్కన ‘వాళ్ళ నాన్నగారికి చెప్పాలి’ అని కూడా రాసుకున్నారు.

పిల్లలందరికీ ఒకే తాను గుడ్డతో గౌన్లు, చొక్కాలు ఉంటే అది యుద్ధకాలం ఫోటో అని మా బంధువుల్లో ఒకాయన గట్టిగా చెప్తుంటారు. 1943లో ప్రభుత్వం బట్టల మీద కంట్రోలు పెట్టిన మాట నిజమే. దొరికిన ముతక గుడ్డే ఇంటిల్లిపాదికీ కుట్టించిన మాటా నిజమే. కానీ సంక్రాంతికి ఒకే తాను తెచ్చి నలుగురు పిల్లలకీ కుట్టించడం మా చిన్నప్పుడు కూడా జరిగింది, నేనే కుట్టాను. ఒకే గుడ్డ ఒక్కటే చూసి కంట్రోలు రోజులని తేల్చడం సరికాదు. ఆ రోజుల్లో గుడ్డ ఆదా చేసిన గుర్తు కుట్టులో ఉంటుంది. నిక్కరు అంచు మడత సన్నగా ఉందా, మగవాళ్ళ చొక్కా పొట్టిగా ఉందా, పరికిణీ కింద వేరే గుడ్డ అతుకు ఉందా అని చూస్తాను. మామూలు రోజుల్లో ఎదిగే పిల్లకి లోపల నాలుగు వేళ్ళ మడత ఉంచి కుడతాం, మరుసటి ఏడు విప్పడానికి.

రంగుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల ఎన్నో ఇళ్ళల్లో అనవసరంగా బాధపడతారు. పాత ఫోటోలో పెళ్ళికూతురు నల్లచీరలో కనిపిస్తే ‘శుభమా అని పెళ్ళైతే నల్లచీరేమిటి’ అని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. అది నల్లచీర కాదు. ఆ రోజుల్లో వాడిన ప్లేట్లకి, ఫిల్ములకి ఎరుపు రంగు తెలిసేది కాదు. ఎరుపు, కుంకుమ రంగు నల్లగా పడేవి, నీలం తెల్లబోయేది. నుదుట బొట్టు కూడా అందుకే కాటుకతో పెట్టినట్టు ఉంటుంది. మీ ముత్తవ్వ ఎర్రచీరలోనే పీటల మీద కూర్చుంది. అన్ని రంగుల్నీ పట్టే ఫిల్ము వాడకం 1930ల నుంచి పెరిగింది. చిన్న ఊళ్ళ స్టూడియోలకి అది ఇంకా ఆలస్యంగా చేరింది. కాబట్టి అంత నల్లటి చీర కూడా కాలానికి ఒక గుర్తే.

పైట కుడి భుజం మీద ఉంటే వెంటనే పాత కట్టు అనుకోకండి. పాతకాలంలో కుడి పైట వేసేవాళ్ళు ఉన్నారు. కానీ నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసినా పైట కుడి వైపుకి మారిపోతుంది. అప్పుడు పక్కనున్న మగవాళ్ళ చొక్కా చూడాలి. మగ చొక్కాకి ఎడమ పట్టీ పైకి వస్తుంది, కాజాలు ఎడమ పక్క, గుండీలు కుడి పక్క, జేబు ఎడమ ఛాతీ మీద. జేబు కుడి పక్క ఉందంటే ఫోటోనే తిరగబడింది.

ఇదంతా నాకు నిజంగా పనికొచ్చింది మా అత్తయ్యగారి అమ్మమ్మగారింటి ఫోటో దగ్గర.

అత్తయ్యగారి అమ్మమ్మగారి ఊరు గోదావరి వైనతేయ పాయ ఒడ్డున. ఆ ఇంటి అరుగు ముందు దుప్పటి కట్టి తీసిన ఫోటో, మందపాటి అట్ట మీద అంటించి ఉంది. కుర్చీలో తలపాగా, మెడ దాకా గుండీలు పెట్టిన కోటుతో తాతగారు. పక్క కుర్చీలో అమ్మమ్మగారు, ఒళ్ళో ఏడాది దాటిన పాప. వెనక నిలబడి పదహారేళ్ళ అమ్మాయి, మెడలో కంటె. ఒక పక్క పరికిణీ కట్టుకున్న పదకొండేళ్ళ పిల్ల, ఇంకో పక్క కోటు, నిక్కరు, కుళ్లాయితో ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లాడు. వెనక బాల్ పెన్నుతో ‘1952’ అని రాసి ఉంది.

ఇంట్లో అందరూ చెప్పే మాట ఇది: నిలబడిన అమ్మాయి అత్తయ్యగారి పిన్ని, పెళ్ళికి ముందు తీయించినది. పిన్నిగారి పెళ్ళి 1953లో. ఆ పెళ్ళి ఫోటోలో ఆవిడ మెడలో కూడా అదే కంటె. మిగతా పిల్లలు ఎవరో చుట్టాల పిల్లలు. 1946లో పుట్టిన మా అత్తయ్యగారికి ఈ ఫోటో మీద ఒక కోపం కూడా ఉండేది. ‘అప్పటికి నాకు ఆరేళ్ళు. చుట్టాల పిల్లల్ని నిలబెట్టారు గానీ నన్ను పిలవలేదు’ అనేవారు. ఈ మాట నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ విన్నాను.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసిన రోజున నాకు ఆ లెక్క కుదరలేదు. 1953 పెళ్ళి ఫోటోలో పిన్నిగారి జాకెట్టు చెయ్యి మోచేతికి బాగా పైన, బిగుతుగా, ఎక్కడా కుచ్చు లేదు. పాత ఫోటోలో అమ్మాయి చెయ్యి భుజం దగ్గర ఇంత కుచ్చుతో, అంచుకి లేసుతో, మోచేతి దాకా ఉంది. ఒక్క ఏడాది తేడాలో అదే అమ్మాయి అలా కుట్టించుకోదు. పెళ్ళి ఈడు పిల్ల పాత తీరు జాకెట్టుతో ఫోటోకి నిలబడదు, ఇంట్లో వాళ్ళు నిలబడనివ్వరు. పైగా చీర కటిక నలుపు. పిల్లాడి తలమీద కుళ్లాయి. 1952లో మా కోనసీమ పల్లెల్లో పిల్లలకి కుళ్లాయి పెట్టి ఫోటో తీయించడం ఎక్కడుంది? ఇక వెనక రాసిన సంవత్సరం మాటకొస్తే, ఆ బాల్ పెన్ను రాత ఫోటో తీసిన నాటిది కాదు, ఎన్నో ఏళ్ళ తర్వాత ఎవరో గుర్తు చేసుకుని రాసింది.

నా లెక్క ప్రకారం ఆ ఫోటో 1930ల చివరిది. అలా అనుకోగానే మనుషులు మారిపోయారు. పిన్నిగారు పుట్టింది 1936లో. అంటే ఆవిడ నిలబడిన అమ్మాయి అయ్యే వీల్లేదు, అమ్మమ్మగారి ఒళ్ళో ఉన్న పాప ఆవిడే. కుళ్లాయి పిల్లాడు అత్తయ్యగారి మేనమామ. ఆయన ఎస్ఎస్ఎల్‌సీ (అప్పటి స్కూలు ఫైనలు) పుస్తకం ఇంట్లోనే ఉంది, పుట్టిన సంవత్సరం 1929. పరికిణీ పిల్ల అత్తయ్యగారి అమ్మ. మరి వెనక నిలబడిన అమ్మాయి?

పిన్నిగారు రాజోలులో ఉంటారు. తొంభైకి దగ్గర పడ్డా మాట స్పష్టంగా ఉంటుంది. నేనూ అత్తయ్యగారూ ఫోటో పట్టుకుని వెళ్ళాం. ఆవిడ ముఖం కన్నా ముందు కంటె చూశారు.

“ఇది పెద్దక్కది కదే. దాని పెళ్ళికి చేయించారట. తొలి కాన్పులోనే పోయింది. నాకు దాని ముఖం తెలీదు. నా పెళ్ళికి అమ్మ ఈ కంటె నా మెళ్ళో వేసి, ‘అక్కది, జాగ్రత్త’ అంది.”

ఆ పెద్దక్క ఫోటో ఒక్కటి కూడా లేదనే ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ అనుకున్నారు. ఆవిడ పేరు పిన్నిగారు చెప్తేనే మాకు తెలిసింది. నగ ఒక మెడ నుంచి ఇంకో మెడకి పోతుంది. అందుకే నగని బట్టి మనిషిని గుర్తుపట్టబోతే ఇలా అక్కకి చెల్లెలి పేరు పడుతుంది. జాకెట్టు అలా పోదు. ఒకరి కొలతకి కుట్టింది ఇంకొకరికి పట్టదు, పట్టేలా విప్పి కుట్టినా ఆ కుట్టు తెలుస్తుంది.

అత్తయ్యగారు ఆ తర్వాత చాలాసేపు పరికిణీ పిల్ల మీదే వేలు పెట్టి కూర్చున్నారు. “అయితే ఇది మా అమ్మా?” అని రెండుసార్లు అడిగారు. వాళ్ళమ్మని ఆవిడ పెద్ద వయసులోనే చూశారు, చిన్నపిల్లగా ఎలా ఉండేదో చూసింది అప్పుడే. తనని పిలవలేదన్న మాట మళ్ళీ ఎత్తలేదు. పుట్టనే లేదుగా.

అప్పట్నుంచి బంధువులు వాళ్ళ ఫోటోలు కూడా నా దగ్గరికి తెస్తున్నారు. తెచ్చేవాళ్ళ దగ్గర ఉండాల్సినన్ని లేవు. 1986 ఆగస్టు వరదలో లంక గ్రామాల్లో ట్రంకు పెట్టెలతో సహా పోయాయి. 1996 నవంబరు తుఫానులో ఇళ్ళ పైకప్పులే లేచిపోయాయి, గోడల మీది పటాలు ఎక్కడుంటాయి? మిగిలినవి చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయి వస్తున్నాయి. అలాంటివి దయచేసి లాగి విడదీయకండి. బొమ్మ మీది పొర ఊడి వచ్చేస్తుంది. నలుగురు పెద్దవాళ్ళు ఉండగానే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పేర్లు రాసేటప్పుడు మెత్తటి పెన్సిలుతో, వెనక అంచున రాయండి. పెన్ను ఇంకు అవతలికి దిగుతుంది. మీకు తెలిసింది వేరుగా, మీరు ఊహించింది వేరుగా రాయండి. ఆ ‘1952’ రాసినాయన పక్కన ‘అనుకుంటా’ అని ఒక్క మాట చేర్చి ఉంటే పెద్దక్కగారు అన్నేళ్ళు చెల్లెలి పేరుతో ఉండేవారు కాదు.

స్టూడియో ఫోటోల్లో ఒక చిక్కుంది. కోటు, టై స్టూడియో వాళ్ళవే ఉండేవి. చేతులు పొడుగై వేళ్ళ మీదికి వస్తే, భుజం కుట్టు కిందికి జారితే అది అరువు కోటు. దాన్ని బట్టి కాలం చెప్పకూడదు. కోటు కింద కనపడే పంచె కట్టు, చెప్పులు, జుట్టు ఇవి మనిషివి. బొట్టు కూడా కొన్నిసార్లు స్టూడియోలో బ్రష్షుతో దిద్దిందే, భూతద్దంలో ఆ గీత తెలుస్తుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే బొట్టు, గాజులు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి ఆ ఇంటి పెద్దాయన పోకముందా పోయాకా అని లెక్క కడతాం.

ఇప్పుడు నా మిషను పక్కన ఉన్నది రాజమండ్రి పుష్కరాల ఫోటో. మా పెదనాన్నగారి కుటుంబం గోదాట్లో మునిగి లేచి మెట్ల మీద నిలబడ్డారు. 1979 పుష్కరాలదని వాళ్ళబ్బాయి, కాదు 1991దని వాళ్ళమ్మాయి. దూరంగా రెండంతస్తుల రోడ్డు, రైలు వంతెన కనిపిస్తోంది కాబట్టి 1974 తర్వాతిదే, దాంతో ఇద్దరికీ గొడవ లేదు. తడి బట్టలు కావడంతో చీరల జారుడు చూసి ఏమీ చెప్పలేను, ఏ చీరైనా తడిస్తే అంటుకుంటుంది. కానీ చివర నిలబడ్డ కొత్త కోడలి జాకెట్టు చెయ్యి తడిసి కూడా భుజం దగ్గర కొంచెం ఉబ్బుగానే ఉంది. నాన్న పుస్తకంలో ఆ ఇంటి కోడలి పేజీ వెతుకుతున్నాను. ‘బుట్ట’ అని రాసి ఉంటే 1991కే నా మొగ్గు.